తెర మీద నల్ల పట్టీలు

చిత్తూరులో మా మామయ్య సంక్రాంతికి ముందు 55 అంగుళాల టీవీ కొన్నారు. పండగకు నేను తిరుపతి నుంచి వెళ్లేసరికి టీవీ గోడకెక్కింది కానీ ఆయన ముఖంలో సంతోషం లేదు. సినిమా పెడితే చాలు, తెరకు పైన ఒక నల్ల పట్టీ, కింద ఒక నల్ల పట్టీ. అత్తయ్య కుట్టుమిషను దగ్గరున్న టేపు తెచ్చి కొలిచారు కూడా. పైన మూడున్నర అంగుళాలు, కింద మూడున్నర.

"ఏడు అంగుళాల తెర ఊరికే పోతోంది. డబ్బు పోసి కొన్నది నల్లరంగు చూడటానికా?" అంటూ రిమోట్ అందుకుని జూమ్ నొక్కారు. పట్టీలు పోయి బొమ్మ తెరనిండా పరుచుకుంది. "ఇదీ టీవీ అంటే" అన్నారు.

ఆ సమయానికి సినిమాలో పెళ్లి జరుగుతోంది. పీటల మీద వధూవరులు ఉన్నారు. వాళ్లకు దూరంగా, ఎడమ చివర స్తంభం పక్కన నిలబడి కన్నీళ్లు దిగమింగుకుంటున్న అక్క అంతకు ముందు క్షణం వరకు ఉంది. జూమ్ నొక్కగానే మాయమైంది. ఆ దృశ్యం తీసిందే ఆమె కోసం. "బొమ్మలో నాలుగో వంతు పోయింది మామయ్యా" అంటే ఆయన నమ్మలేదు. భోగి నుంచి కనుమ దాకా మా ఇద్దరికీ ఇదే చర్చ.

తెర ఆకారాన్ని చెప్పేది ఒక్క అంకె. వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చే ఆ అంకెను ఆస్పెక్ట్ రేషియో అంటారు. ఇప్పటి టీవీలకు అది 16:9, అంటే 1.78. ఇప్పుడు వచ్చే పెద్ద తెలుగు సినిమాలు చాలావరకు 'స్కోప్' (సినిమాస్కోప్) అనే వెడల్పు ఆకారంలో ఉంటాయి, వాటికి అది 2.39. మామయ్య టీవీ వెడల్పు దాదాపు 48 అంగుళాలు, ఎత్తు 27. వెడల్పు 48 ఉన్న స్కోప్ బొమ్మకు ఎత్తు 20 అంగుళాలే వస్తుంది. మిగిలిన ఏడు అంగుళాలలో చూపించడానికి ఆ సినిమాలో ఇంకేమీ లేదు. జూమ్ నొక్కితే జరిగేదేమిటంటే, ఎత్తు 27 అయ్యేదాకా బొమ్మ పెరుగుతుంది. దానితో పాటే వెడల్పు 64 అంగుళాలు దాటుతుంది. తెర 48 దగ్గరే ఆగిపోతుంది కనుక అటు ఎనిమిది, ఇటు ఎనిమిది అంగుళాల బొమ్మ గోడలో కలిసిపోతుంది. ఏడు అంగుళాలు మిగుల్చుకోవడానికి పదహారు అంగుళాలు వదులుకున్నట్టు. పోయినవి కనిపించవు కనుక వాటిని టేపు పెట్టి కొలవలేము, అంతే తేడా.

సినిమా మొదటి నుంచీ ఇంత వెడల్పుగా లేదు. 1890ల తొలి సంవత్సరాలలో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు రెండు అంచులా రంధ్రాలు పెట్టి, ఒక్కో బొమ్మకు నాలుగు రంధ్రాల ఎత్తు ఇచ్చాడు. బొమ్మ అంగుళం వెడల్పు, ముప్పాతిక అంగుళం ఎత్తు తేలింది. అదే 4:3. సినిమాకు మాటలు వచ్చాక ఫిల్ము అంచున శబ్దానికి చోటివ్వవలసి వచ్చింది. 1932లో హాలీవుడ్‌లో ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ 1.37 అనే ప్రమాణాన్ని ఖాయం చేసింది. తర్వాత ఇరవై ఏళ్ల పాటు ప్రపంచమంతా ఇంచుమించు అదే కొలత. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ఊరి పేరునే తన పేరుకు ముందు నిలుపుకున్న నాగయ్య 1946లో 'త్యాగయ్య' తీసి నటించిందీ ఈ కొలతలోనే. ఒక మనిషి కూర్చుని పాడుతుంటే చూపించడానికి ఇంతకన్నా మంచి ఆకారం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ముఖం, చేతులు, తల పైన కాస్త ఖాళీ. దృష్టి పక్కలకు పోదు.

టీవీ పుట్టినప్పుడు సినిమా ఆకారాన్నే తీసుకుని 4:3 అయింది. 1950ల నాటికి అమెరికాలో ఇంటింటికీ టీవీ చేరి సినిమా హాళ్లు ఖాళీ అవుతుంటే, ఆ చిన్న పెట్టె చూపించలేనిది చూపించాలని సినిమా వాళ్లు వెడల్పు మీద పడ్డారు. మన రెండు కళ్లు పక్కపక్కన ఉన్నాయి కనుక వెడల్పు బొమ్మే సహజమని చాలామంది చెబుతారు. అందులో కొంత నిజముంది. కానీ ఆ కళ్లు అరవై ఏళ్ల ముందు కూడా పక్కపక్కనే ఉన్నాయి. అప్పుడు లేనిది టీవీతో పోటీ.

1952లో సినెరామా వచ్చింది. మూడు ప్రొజెక్టర్లు కలిసి ఒంపు తిరిగిన తెర మీద ఒకే బొమ్మ వేస్తాయి. చూసినవారు అబ్బురపడ్డారు కానీ ఊరూరా అలాంటి హాలు కట్టడం అయ్యే పని కాదు. మరుసటి ఏడాది ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ సంస్థ తెచ్చిన సినిమాస్కోప్ ఆ చిక్కు విప్పింది. దాని వెనుక ఉన్న కటకాన్ని 1920లలోనే తయారుచేసినవాడు ఆన్రి క్రెట్యాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త. హబుల్ టెలిస్కోపులోని అద్దాల అమరికకు ఉన్న జంట పేర్లలో రెండోది ఈయనదే. నక్షత్రాలను చూసే చెయ్యే మన సినిమా తెరను కూడా సాగదీసిందని మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ కటకం చేసే పని చెప్పడానికి సులభం. గుండ్రటి గాజు గ్లాసులో నీళ్లు పోసి దాని వెనుక అక్షరాలున్న కాగితం పెట్టి చూస్తే, అక్షరాలు పక్కలకు సాగుతాయి కానీ నిలువు ఎత్తు పెద్దగా మారదు. గ్లాసు అడ్డంగా ఒంపు తిరిగి, నిలువుగా తిన్నగా ఉండటమే కారణం. సినిమాస్కోప్ కటకం కూడా ఇలాగే ఒక్క దిశలోనే పనిచేస్తుంది. తీసేటప్పుడు వెడల్పును సగానికి నొక్కి మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది. హాలులో ప్రొజెక్టరుకు తగిలించిన జోడీ కటకం ఆ నొక్కిన బొమ్మను తిరిగి రెండింతలు విప్పుతుంది. ఫిల్మును చేతిలో పట్టుకుని చూస్తే అందరూ వెదురు బొంగుల్లా ఉంటారు. చిన్నప్పుడు తిరుపతిలో ఒక హాలులో ఆపరేటరు స్కోప్ లెన్సు బిగించడం మరిచిపోతే, రెండు నిమిషాల పాటు నాయకుడూ గుర్రమూ నిట్టనిలువుగా సాగిపోయి కనిపించారు. హాలంతా అరుపులు. లెన్సు పడగానే ఆ గుర్రం ఒక్కసారిగా అడ్డంగా విచ్చుకోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది.

మొదట 2.55గా ఉన్న స్కోప్, శబ్దానికి ఫిల్ము మీద చోటివ్వడంతో 2.35 అయింది. 1970లో మరో చిన్న సవరణ జరిగి 2.39 దగ్గర స్థిరపడింది. అయినా ఈ రంగంలో చాలామంది నోట ఇప్పటికీ 2.35 అనే మాటే వస్తుంది. మన దేశంలో తొలి స్కోప్ చిత్రం 1959లో గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్'. తెలుగులో తొలిది 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు', ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్.స్వామి. తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం 1986లో వచ్చిన 'సింహాసనం'. భారీతనానికి మారుపేరుగా మనం వాడుకునే ఈ 70 ఎం.ఎం. ఆకారంలో మాత్రం స్కోప్ కన్నా తక్కువ వెడల్పు, 2.20. అక్కడ పెద్దది ఫిల్ము.

మామయ్య కోపంలో న్యాయం కూడా ఉందని నాకు రెండో రోజు తట్టింది. హాలులో తెర ఎత్తు మారదు. ప్రకటనలు వస్తున్నంతసేపు తెరకు రెండు వైపులా నల్లగుడ్డ మూసి ఉండేది. సినిమా మొదలవగానే ఆ గుడ్డ మెల్లగా పక్కలకు జరిగేది. బొమ్మ అటూ ఇటూ పెరిగేది, ఈలలు మోగేవి. స్కోప్ అంటే పెద్దది అని మన ఒంటికి అలవాటైంది అలాగే. ఇంట్లో టీవీకి వెడల్పు మారదు. అదే స్కోప్ ఇక్కడికి వచ్చేసరికి ఎత్తు తగ్గించుకుని కూర్చుంటుంది. వార్తలు తెరనిండా వస్తాయి, ధారావాహికలు తెరనిండా వస్తాయి, అన్నిటికన్నా ఘనంగా ఉండవలసిన సినిమా వాటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. టీవీని ఓడించడానికి పుట్టిన ఆకారం టీవీలోకి వచ్చి చిన్నబోయింది. దర్శకుడు కోరినదానికి ఇది సరిగ్గా తలకిందులు. దానికి మందు పెద్ద టీవీ, లేదా కుర్చీ కాస్త ముందుకు జరుపుకోవడం. బొమ్మను కోయడం మాత్రం మందు కాదు.

అయితే హాలులో పట్టీలు లేవా? ఉన్నాయి. బొమ్మ ఆగేచోట మొదలయ్యే ఆ నల్లగుడ్డ చేసే పనే టీవీలో నల్ల పట్టీ చేస్తోంది. గుడ్డను మనం తెరలో భాగంగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు, అద్దం లోపల ఉన్నందుకు పట్టీని లెక్కపెడుతున్నాం.

"సరే, టీవీలనే 2.39లో చేసి ఉంటే గొడవే ఉండేది కాదుగా?" అన్నారు మామయ్య. మంచి ప్రశ్న. దానికి జవాబుగా పాత దినపత్రిక, కత్తెర, స్కేలు తెప్పించి పిల్లలను పిలిచాను. రెండు ముక్కలు కోయించాను. మొదటిది 24 సెంటీమీటర్ల వెడల్పు, 18 ఎత్తు. పాత సినిమా ఆకారం. రెండోది 32 వెడల్పు, 13.5 ఎత్తు. ఇంచుమించు స్కోప్. రెండిటి వైశాల్యం ఒకటే, 432 చదరపు సెంటీమీటర్లు. మధ్య బిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పరిస్తే కూడిక గుర్తులాంటి ఆకారం వస్తుంది. రెండిటినీ ఇముడ్చుకునే అతిచిన్న దీర్ఘచతురస్రం గీస్తే అది 32 వెడల్పు, 18 ఎత్తు. భాగిస్తే 16:9. రెండూ ఒకదానినొకటి కప్పుకున్న మధ్య భాగం 24 వెడల్పు, 13.5 ఎత్తు. భాగిస్తే మళ్లీ 16:9!

అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు 1980లలో ఇలాగే, వాడుకలో ఉన్న తెర ఆకారాలన్నిటినీ సమాన వైశాల్యంతో గీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. బయటి గీత, లోపలి గీత రెండూ 1.77 దగ్గరే తేలాయి. రాబోయే టీవీకి ఆ ఆకారం తగినదని తేల్చాడు. 4:3ను దానితోనే గుణిస్తే 16:9, మరోసారి గుణిస్తే 64:27, అంటే 2.37. నడిమి మెట్టు కనుక రెండు వైపులా దూరం సమానం. మా కాగితాల ప్రకారం పాత సినిమా ఆ తెరలో సరిగ్గా ముప్పాతిక వంతు ఆక్రమిస్తుంది, స్కోప్ కూడా సరిగ్గా ముప్పాతిక వంతే. ఒకదానికి పక్కల పట్టీలు, రెండోదానికి పైనా కిందా. టీవీని 2.39లో చేసి ఉంటే నాగయ్య సినిమాకు తెరలో దాదాపు 43 శాతం నలుపే మిగిలేది. ఇంతటి సమన్యాయం గల కొలత ఇంట్లో మరే వస్తువుకూ ఉండదేమో అనిపించింది నాకు.

పట్టీలు లేకుండా చూపించాలన్న పట్టుదల మనకు కొత్త కాదు. పాత గాజు టీవీల కాలంలో స్కోప్ సినిమాను 4:3లో నింపడానికి రెండు పక్కలా కోసి ప్రసారం చేసేవారు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరి ముక్కు ఈ అంచున, మరొకరి ముక్కు ఆ అంచున, నడుమ ఖాళీ గోడ. అలా చూసి ఆ సినిమాలు చూశామనుకున్న తరం మాది. బొమ్మను ఎక్కడ ఆపాలో నిర్ణయించడం కూడా కళలో భాగమే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు రామాయణ కథను గుడ్డ మీద వరసలు వరసలుగా పరిచినప్పుడు, మన గోడకు పట్టలేదని అంచులు కత్తిరించి తగిలిస్తామా?

సాగదీయడం కోయడం కన్నా ఘోరం. నలుపు తెలుపు సినిమాను వెడల్పుగా లాగితే ఏదీ పోదు కానీ ప్రతి మనిషీ 30 శాతం లావెక్కుతాడు, పున్నమి చంద్రుడు కోడిగుడ్డవుతాడు.

జూమ్ మీటకు సరైన సందర్భం ఒకటుంది, అది కూడా మామయ్యకు చెప్పాను. కొన్ని ఛానెళ్లు వెడల్పు బొమ్మను 4:3 చట్రంలో, పైనా కిందా పట్టీలతో పంపుతాయి. మన టీవీ దానికి పక్కల మరో రెండు కలుపుతుంది. బొమ్మ నాలుగు వైపులా నలుపుతో తపాలా బిళ్లలా నడుమ నిలుస్తుంది. అప్పుడు జూమ్ చేస్తే పోయేది నలుపే, నిస్సంకోచంగా నొక్కవచ్చు. మిగతా సమయాల్లో బొమ్మను అసలు నిష్పత్తిలో ఉంచే ఎంపికే సరైనది. ఎల్‌సీడీ టీవీలో వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక చీకటి గదిలో పట్టీలు బూడిదరంగులో తేలతాయి, ఒక చిన్న దీపం టీవీ వెనుక పెడితే ఆ బాధ తగ్గుతుంది. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ టీవీలో నల్లచుక్క అంటే ఆరిపోయిన చుక్కే.

కనుమ నాటి రాత్రి భోజనాలయ్యాక మామయ్య 'త్యాగయ్య' పెట్టమన్నారు. ఈసారి పైనా కిందా ఏమీ లేదు, కుడి ఎడమల అయిదున్నర అంగుళాల చొప్పున నలుపు. వంటింట్లోంచి వచ్చిన అత్తయ్య తెరవైపు చూసి, "మొన్న పైనా కిందా ఉన్నాయి, ఇప్పుడు పక్కలకు వచ్చాయేమిటి, టీవీ పాడైందా?" అంది. మామయ్య మాట్లాడకుండా లేచి, బల్ల మీదున్న ఆ రెండు కాగితం ముక్కలూ తెచ్చి ఆమె ముందు పరిచారు.