ఎలుగుబంటి పెట్టె విప్పే ముందు

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవులు చిన్నూకి, అమ్ములుకి,

తాతయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. మీరిద్దరూ బాగా చదువుకుంటున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం.

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె వస్తుంది. వేసవి సెలవుల్లో నా బల్ల మీద సగం కట్టిన పెద్ద విమానం చూసి మాకూ ఒకటి కావాలని అడిగారు కదా, అదే విమానం చిన్న సైజులో. పేరు టుపోలెవ్ టు-95. సోవియట్ యూనియన్ అని ఒక పెద్ద దేశం ఉండేది, దాని బాంబర్ ఇది. మొదటిసారి గాల్లోకి లేచింది 1952 నవంబర్ 12న, అంటే నాకు కూడా ఊహ తెలియని కాలం. అమెరికా కూటమి దేశాలు దీనికి 'బేర్' అని పేరు పెట్టాయి, అంటే ఎలుగుబంటి. పెట్టె రాగానే చింపేసి ముక్కలు విరవడం మొదలుపెట్టకండి. ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

మొదట కొలత. అసలు విమానం ఈ రెక్క చివర నుంచి ఆ రెక్క చివరకు 50 మీటర్లు. మీ పెట్టె మీద 1/144 అని ఉంటుంది, అంటే అసలు కొలతను 144తో భాగించాలి. చిన్నూ, లెక్క నువ్వు వెయ్యి, దాదాపు 35 సెంటీమీటర్లు రావాలి. నాది 1/72, అందుకే రెట్టింపు ఉండి బల్లంతా ఆక్రమించింది. నా విమానం పక్కన నిలబడాలంటే అమ్మమ్మ రెండు సెంటీమీటర్ల చిల్లర ఎత్తు ఉండాలి! ఈ భాగహారం రోజూ పనికొస్తుంది. ఏదైనా ముక్క మరీ లావుగా కనిపిస్తే 144తో గుణించి చూడండి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న యాంటెన్నా అసలు విమానం మీద 14 సెంటీమీటర్ల దూలం అవుతుంది. అలాంటిది కనబడితే ఎమ్రీ పేపర్‌తో సన్నగా అరగదీయాలి.

ముక్కలన్నీ ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని వస్తాయి. చేత్తో విరిస్తే అంచు చిట్లుతుంది, నిప్పర్ అనే చిన్న కట్టర్‌తో కత్తిరించండి. బ్లేడు వాడాల్సి వస్తే అమ్మ పక్కన ఉండాలి, ఇందులో రెండో మాట లేదు. జిగురు పూయకముందే ప్రతి రెండు ముక్కల్నీ ఉత్తినే కలిపి చూసుకోండి. ఆ జిగురు మామూలు గమ్ లాంటిది కాదు, ప్లాస్టిక్‌ని కొంచెం కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. కిటికీ తెరిచి పెట్టుకుని పని చెయ్యండి. వేలికి జిగురు ఉండగా రెక్కను పట్టుకుంటే మీ వేలిముద్ర దాని మీద అచ్చు పడిపోతుంది. అద్దాల ముక్కల దగ్గర ఫెవిక్విక్ లాంటివి అసలు వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. వాటికి చెక్క పనికి వాడే తెల్ల జిగురు చాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చిన్నూ, నువ్వు వేసవిలో ఒక ప్రశ్న అడిగావు. "తాతయ్యా, ఒక్కో ఇంజన్‌కి రెండేసి ఫ్యాన్లు ఎందుకు, ఒకదాని వెనక ఒకటి?" అప్పుడు భోజనానికి పిలిచారు, జవాబు సగంలో ఆగిపోయింది. ఇదిగో మిగతా సగం.

ఆ రోజుల్లో రష్యా నుంచి అమెరికా దాకా వెళ్లి తిరిగి రాగల విమానం కావాలన్నారు. జెట్ ఇంజన్లు అప్పటికే వచ్చాయి గానీ అవి నూనె విపరీతంగా తాగేవి, అంత దూరం పోయేవి కావు. ఈ విమానాన్ని రూపొందించిన టుపోలెవ్ గారు ప్రొపెల్లర్ వైపు మొగ్గారు. కానీ మామూలు ప్రొపెల్లర్ కాదు. కుజ్నెత్సోవ్ గారి సంస్థలో తయారైన ఎన్‌కె-12 ఇంజన్ ఒక్కదానికే 15,000 హార్స్‌పవర్. మీ నాన్న కారుది ఎనభై అనుకుంటే, ఒక్క ఇంజన్‌లో 187 కార్ల బలం. అలాంటివి నాలుగు. అంత బలాన్ని ఒక్క ప్రొపెల్లరే గాలికి అందించాలంటే దాన్ని ఎంత పెద్దది చేయాలో ఊహించండి. అందుకే నాలుగు బ్లేడ్లది ఒకటి, దాని వెనకే నాలుగు బ్లేడ్లది ఇంకొకటి పెట్టారు. ముందుది ఒక వైపు తిరిగితే వెనకది ఎదురు వైపు తిరుగుతుంది. ముందుది గాలిని సుడి తిప్పి వదిలితే వెనకది ఆ సుడిని సరిచేసి తిన్నగా వెనక్కి తోస్తుంది. వృథాగా పోయే బలం కూడా పనికొస్తుంది. ప్రొపెల్లర్లు పెట్టుకుని ఈ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోగలగడానికి ఇదొక కారణం.

మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్క చూడండి, కొంచెం మెలితిరిగి ఉంటుంది. ప్రొపెల్లర్ బ్లేడూ అంతే. ముందు దాని మెలిక ఒక వైపుకు ఉంటే వెనక దాని మెలిక రెండో వైపుకు ఉండాలి. నేను చేసిన తప్పు ఇక్కడే. ముందువీ వెనకవీ ఫ్రేము నుంచి తీసి అన్నీ ఒకే స్టీలు గిన్నెలో వేశాను. తర్వాత ఏది ఏదో చూసుకోకుండా అమర్చేసి, రంగు కూడా వేసేశాను. చూడ్డానికి బాగానే ఉంది. నాలుగు రోజులు మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం ఉదయం బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళ్లాను. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా పెద్ద విమానం ఉంది కదా, మీరు దాని మెట్లెక్కి లోపల తిరిగారు, గుర్తుందా? అది టు-142. మన ఎలుగుబంటికి సొంత తమ్ముడు. సముద్రం మీద గస్తీ తిరిగి సబ్‌మెరైన్లను వెతకడానికి టు-95 నుంచే దాన్ని తయారుచేశారు. మన నేవీ ఇలాంటివి ఎనిమిది కొన్నది. 1988 నుంచి 2017 మార్చి దాకా అవి పనిచేశాయి. చాలా కాలం తమిళనాడులోని అరక్కోణం నుంచి ఎగిరేవి. రిటైరయ్యాక ఒకదాన్ని మన విశాఖకి తెచ్చి మ్యూజియం చేశారు. ఆ రోజు నేను ఇంజన్ ముందు తల పైకెత్తి నిలబడ్డాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. ముందు బ్లేడు మీద వెలుగు ఒక అంచున మెరుస్తోంది, దాని వెనక బ్లేడు మీద వెలుగు అవతలి అంచున మెరుస్తోంది. ఒక అర నిమిషం అలాగే చూశాను. గుండె జారిపోయింది. ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చుంటే నా ఎనిమిది ప్రొపెల్లర్లలో నాలుగు తప్పు చోట ఉన్నాయి. తీయబోతే రెండు బ్లేడ్లు విరిగాయి. ప్లాస్టిక్ ఫ్రేము ముక్కని ఆకురాయితో రుద్ది కొత్త బ్లేడు చేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

అందుకే మీరు రెండు గిన్నెలు పెట్టుకోండి. ఒక దాని మీద 'ముందు', ఇంకో దాని మీద 'వెనక' అని టేపు అంటించి రాయండి.

ఆ ప్రొపెల్లర్ తిరిగే వృత్తం వ్యాసం 5.6 మీటర్లు, దాదాపు రెండంతస్తుల ఎత్తు. అది నేలకు తగలకుండా తిరగాలంటే విమానం ఎత్తులో నిలబడాలి, కాబట్టి చక్రాల కాళ్లు పొడుగ్గా వచ్చాయి. అంత పొడుగు కాళ్లు మడిచి దాచడానికి సన్నటి రెక్కలో చోటు లేదు, కాబట్టి లోపలి ఇంజన్ల వెనక, రెక్క అంచు దాటి పొడుచుకొచ్చే పొడుగాటి డొల్లలు వచ్చాయి. మీ పెట్టెలో ఆ డొల్లలు చూసి ఇవేంటి అనుకుంటారని ముందే చెబుతున్నాను. ఒకటి ఎందుకుందో తెలిస్తే దాని పక్కది ఎందుకుందో దానంతట అదే తెలుస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఇంకొక సంగతి, తోక. మీరు కట్టడం అయిపోయి చక్రాల మీద నిలబెట్టగానే ముక్కు పైకి లేచి తోక బల్లకు తగులుతుంది. భయపడకండి, మీరేం తప్పు చేయలేదు. అసలు విమానంలో రెక్కకు ముందు వేలాడే ఒక్కో ఇంజన్ సుమారు 3 టన్నుల బరువు, నాలుగూ కలిపి ముందు వైపు లాగి పెడతాయి. మన బొమ్మలో ఇంజన్లు ఖాళీ డొల్లలు. ఆ లోటు మనం పూడ్చాలి. ఫిషింగ్ హార్బర్ దగ్గర వల అంచుకు కట్టే సీసపు గుండ్లు అమ్ముతారు, అవి ఒక పొట్లం మీ పెట్టెలో పెట్టాను. శరీరం రెండు సగాలూ అంటించక ముందే ముక్కులో కొన్ని, ఇంజన్ డొల్లల ముందు భాగంలో కొన్ని జిగురుతో గట్టిగా కూర్చోబెట్టండి. తర్వాత పెట్టడానికి దారి ఉండదు. ఎన్ని సరిపోతాయో అంటించే ముందు టేపు చుట్టి నిలబెట్టి చూసుకోండి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నానికి కూర్చోవాలి.

లోపల సీట్లు, పైలట్ గది చిన్నవి, బయటికి పెద్దగా కనబడవు. వాటి మీద ఎక్కువ రోజులు గడపొద్దు. కానీ ఒకటి తెలుసుకోండి. ఆ సీట్లు యుద్ధ విమానాల్లో లాగా మనిషిని పైకి విసిరేవి కావు. ప్రమాదం వస్తే ముందు చక్రం ఉండే గది గుండా కిందికి దూకాలి. అక్కడిదాకా మనుషుల్ని చేర్చడానికి నేల మీద కదిలే బెల్టు పెట్టారు, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు వచ్చే బెల్టు లాంటిది. 1953 మే 11న మొదటి విమానం ఇంజన్ గేర్‌బాక్స్ పాడై మంటలు అంటుకుని కూలిపోయింది. పైలట్ అలెక్సీ పెరెల్యోత్ దానితో పాటే పోయాడు.

రంగు వేయడానికి తొందర పడకండి. అతుకుల్లో పుట్టీ పెట్టి, ఎండాక వాటర్ పేపర్ తడిపి రుద్దండి, 400 నంబరు గరుకుతో మొదలుపెట్టి 1000 నంబరు నునుపు దాకా. కళ్లు మూసుకుని గోరుతో అతుకు మీద గీయండి. గోరు ఆగితే ఇంకా రుద్దాలి. వెండి రంగు చిన్న గీతను కూడా దాచదు, పైగా ఎత్తి చూపిస్తుంది. మన విశాఖలో ముసురు రోజుల్లో లాకర్ అనే రకం రంగు కొడితే తేమకి పైన తెల్లగా పొగ పట్టినట్టు అయిపోతుంది. హైదరాబాద్‌లో మీకు ఆ బాధ తక్కువే, అయినా వాన పడే రోజు రంగు పెట్టుకోకండి. విమానం అంతా ఒకే వెండి రంగు వేయకుండా, అక్కడక్కడ ఒక్కో రేకుకి టేపు కట్టి కొంచెం ముదురు, కొంచెం లేత వేస్తే ప్లాస్టిక్ కాస్తా లోహం అవుతుంది. ఇంజన్ల పొగ గొట్టాల వెనక మసి మాత్రం పెన్సిల్ ముల్లు నూరిన పొడిని మెత్తటి బ్రష్‌తో అద్దండి, గాలి పోయే దిశలో, ముందు నుంచి వెనక్కి. ఎర్ర నక్షత్రాల కాగితాలు గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, నక్షత్రాన్ని కాగితం మీంచి విమానం మీదికి జార్చండి, లాగితే చిరిగిపోతాయి.

అమ్ములూ, నువ్వు మొన్న ఫోన్లో అడిగిన మాటకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బాంబులు వేసే విమానం బొమ్మ చేసుకోవడం తప్పు కాదా అన్నావు. రెండు రోజులు అదే ఆలోచించాను.

1961 అక్టోబర్ 30న ఒక టు-95కి తెల్ల రంగు వేసి ఆర్కిటిక్ సముద్రంలోని నోవాయా జెమ్ల్యా దీవుల మీదికి పంపారు. దాని కింద వేలాడింది 27 టన్నుల అణుబాంబు. పొట్టలో పట్టలేదని తలుపులే తీసేశారు. తెల్ల రంగు అందం కోసం కాదు, పేలుడు వెలుగు వేడికి విమానం మాడిపోకుండా. ఆ బాంబు హిరోషిమా మీద వేసిన దానికంటే మూడు వేల రెట్లకు పైగా బలమైనది. విమానం పదుల కిలోమీటర్ల దూరం పోయాక పేలింది, అయినా ఆ దెబ్బకి ఒక కిలోమీటరు కిందికి జారిపోయింది. మీ పెట్టెలో ఉన్నది 1980ల నాటి టు-95ఎంఎస్, దాన్ని మన బీచ్ రోడ్డు తమ్ముడి శరీరం మీదనే కట్టారు. 2022 నుంచి ఉక్రెయిన్ ఊళ్ల మీదికి క్షిపణులు వదులుతున్న విమానాల్లో అదీ ఉంది. అక్కడ మీ వయసు పిల్లలు సైరన్ మోగగానే నేలమాళిగల్లోకి పరిగెత్తుతున్నారు.

నీతో అబద్ధం చెప్పను. ఆ ఇంజన్లు, ఆ ప్రొపెల్లర్లు చేసిన వాళ్ల తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అది ఎందుకు చేశారో తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. రెండూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచడం నాకు చేతకాదు. నా విమానానికి క్షిపణులు తగిలించలేదు, ఆ ముక్కలు ఫ్రేముకే ఉన్నాయి. మీరు తగిలిస్తారో లేదో మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. ఎలా చేసినా నేనేమీ అనుకోను.

ప్రొపెల్లర్లు అంటించే రోజు నాకు వీడియో కాల్ చెయ్యండి, బ్లేడ్లు కెమెరా ముందు పట్టుకుని తిప్పి చూపించండి. దసరాకి వచ్చినప్పుడు పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉండగా బీచ్ రోడ్డుకి వెళ్దాం, ఇంజన్ ముందు ఎక్కడ నిలబడితే కనిపిస్తుందో చూపిస్తాను. విరిగిన ముక్కలేవీ పారేయకండి, ఒక డబ్బాలో వేసి వచ్చేటప్పుడు తీసుకురండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య