కొన్న షేరు కన్నా అమ్మిన షేరే మిన్న

బ్రోకరుకు కట్టే కమీషన్ లేనప్పుడు ఎన్నిసార్లు కొని అమ్మినా మదుపరికి పోయేదేమీ లేదన్న వాదన మళ్లీ తలెత్తింది. అలా వాదించేవారు 2000లో అమెరికన్ ఫైనాన్స్ పరిశోధకులు బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ వెలువరించిన అధ్యయనాన్నే ఆధారంగా చూపుతున్నారు. 1991-96 మధ్య 66,465 అమెరికన్ కుటుంబాల లెక్కలవి. అతిగా కొని అమ్మినవారికి ఏటా 11.4 శాతం మిగిలితే, మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. ఖర్చులు తీసేయకముందు మాత్రం అందరి రాబడీ దాదాపు ఒకటే. ఆ ఖర్చే పోయాక భయమెందుకని వారి ప్రశ్న.

దీనికి జవాబు అంతకు ఏడాది ముందే, 1999లో, ఓడీన్ ఒక్కరే రాసిన పత్రంలో ఉంది. లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం పెట్టే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్స్కీ 1979లో చెప్పింది తెలిసిందే. అయితే వారు అడిగింది ఊహాజనిత ప్రశ్నలు. ఓడీన్ తెరిచింది అసలు ఖాతాలు: ఒక డిస్కౌంట్ బ్రోకరేజీలో (తక్కువ కమీషన్ తీసుకునే బ్రోకరు సంస్థలో) 1987-93 నాటి 10,000 ఖాతాలు. మదుపరులు కొన్న షేర్లు, అమ్మేసిన షేర్ల కన్నా ఏడాదిలో సగటున 3.3 శాతం పాయింట్లు వెనకబడ్డాయి. ఈ లెక్కలో కమీషన్ కలపనే లేదు. అంటే దెబ్బ ఎంపికలోనే తగిలింది.

ఎందుకలా? వందకు కొన్న రెండు షేర్లలో ఒకటి 130కి పెరిగింది, మరొకటి 70కి పడింది. డబ్బు అవసరమైతే చేయి 130 వైపే పోతుంది. రెండోదాని గురించి అనుకునేది ఒక్కటే: "కొన్న రేటు వస్తే చాలు, వదిలించుకుంటాను." ఆ షేరుకు మనం ఎంతకు కొన్నామో తెలియదు. ఓడీన్ 1998 లెక్క ప్రకారం, అమ్మేసిన లాభాల షేర్లు అట్టిపెట్టుకున్న నష్టాల షేర్ల కన్నా మరుసటి ఏడాది 3.4 శాతం పాయింట్లు ఎక్కువ ఇచ్చాయి. డిసెంబరులో మాత్రం, నష్టం చూపితే పన్ను తగ్గుతుందని, అదే మదుపరులు నష్టాలను అమ్మగలిగారు. లెక్క రాక కాదు, మనసొప్పకే మిగతా నెలల్లో ఆగారన్నమాట.

ఇలాంటి తప్పులు అటూ ఇటూ సరిపోతాయని ఆర్థికవేత్త యూజీన్ ఫామా 1998లో వాదించారు. ఆయన మాట మార్కెట్ ధరల గురించి. ఖాతాదారు జేబు సంగతి వేరు.

కమీషన్ ఎత్తేసిన యాప్‌లలోనూ ప్రతి షేరు పక్కన కొన్న ధర, దాని మీద లాభనష్టం రంగుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.