కీలు చూసి కొనండి

మల్కాపురం, విశాఖపట్నం

బుజ్జిగాడికి, అమ్మలుకి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మీరు ఫోన్లో పంపిన లాప్‌టాప్ ఫోటోలు తొమ్మిదీ చూశాను. అన్నీ పెళ్లిచూపుల ఫోటోల్లా ఉన్నాయి. పక్క నుంచి తీసినవే, సన్నగా, తళతళలాడుతూ. ఒక్కటైనా వెనక్కి తిప్పి మూత తిరిగే కీలు చూపించలేదు. మీ నాన్న ఒక్కోదానికి 40 వేలు దాటితే పైసా ఇవ్వనన్నాడని విన్నాను. వాడి మాట వాడిది. కానీ మీకు కాలేజీ నాలుగేళ్లూ, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే రోజులూ ఆ మెషీన్‌తోనే గడవాలి. ఫోన్లో చెబితే సగం విని "సరే తాతయ్యా" అంటారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాను. షిప్‌యార్డులో ఫిట్టరుగా 33 ఏళ్లు చేశాను. రిపేరుకి వచ్చిన ఓడ ఏదైనా సరే, మేము ముందు పోయి తడిమేది అతుకులు, బిగింపులు, కదిలే చోట్లు. కొత్త రంగు చూసి మోసపోయిన ఫిట్టరుని మేస్త్రీ వారం రోజులు ఆడిపోసుకునేవాడు. ఆ బుద్ధి ఉండీ లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి నేనే రంగు చూసి పడిపోయాను.

రిటైరైన ఏడాది ఒకటి కొన్నాను, గుర్తుందా, వెండి రంగుది? అల్యూమినియం అనుకున్నాను. ప్లాస్టిక్ మీద వెండి రంగు పూత అది. రెండో వానాకాలంలో మూత ఎత్తుతుంటే లోపల "టప్" మంది. మర్నాటికి ఎడమ పక్క మూల నోరు తెరిచింది. నేనే విప్పి చూశాను. కీలు ఉక్కుది, దానికేమీ కాలేదు. కాకపోతే గ్రీజు ఎండి గట్టిపడింది. ఆ కీలుని పట్టుకుని ఉండాల్సినవి పెన్ను రీఫిల్ అంత లావు ప్లాస్టిక్ గుంజలు. వాటిలో చిన్న ఇత్తడి నట్లు దూర్చి, అందులో స్క్రూలు బిగించారు. మూత ఎత్తిన ప్రతిసారీ కీలు తిరగనంటే ఆ బలమంతా ఆ గుంజల మీదే పడుతుంది. రోజుకి పదిసార్లు, రెండేళ్లు. విరగక ఏం చేస్తాయి? సర్వీస్ సెంటర్‌లో 11 వేలన్నారు. ఎందుకంటే ఆ గుంజలు, కీబోర్డు, చేతులు ఆనించే పలక అన్నీ ఒకే ముక్కట, విడిగా రావట. ఆరల్డైట్ పెట్టి అతికించాను. నాలుగు నెలలు ఆగింది.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. కొనేటప్పుడు మీరు ముందు కీలు దగ్గరికే పోండి. మూతని మధ్యలో కాకుండా ఒక మూల పట్టుకుని నెమ్మదిగా ఎత్తి చూడండి. షాపులో మాత్రమే సుమా, ఇంట్లో ఎప్పుడూ మధ్యలోనే పట్టుకోవాలి. రెండు పక్కలా ఒకేసారి లేస్తే మూత గట్టిదని. ఒక పక్క ముందు లేచి రెండోది తర్వాత వస్తే మూత మెలిపడుతోందని. సగం తెరిచి బల్ల మీద తట్టండి, తెర ఎంతసేపు ఊగుతుందో చూడండి. మూసేసి ఒక మూల పట్టుకుని గాల్లోకి లేపండి, కిర్రుమని మూలిగితే పక్కన పెట్టేయండి. కీబోర్డు మధ్యలో బొటనవేలితో నొక్కితే పరుపులా దిగిపోకూడదు. షాపతను మొహం చిట్లిస్తాడు. చిట్లించనీయండి.

ఇంకొకటుంది, దీన్ని మన పిల్లలెవరూ చేయరు. పెద్ద కంపెనీలు ఒక్కో మోడల్‌కీ రిపేరు మాన్యువల్‌ని తమ వెబ్‌సైట్లోనే ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడుంది, ఏది ముందు విప్పాలి, ఏ ముక్క విడిగా వస్తుంది, అన్నీ బొమ్మలతో ఉంటాయి. కొనాలనుకున్న మోడల్ పేరు కొట్టి పది నిమిషాలు తిరగేయండి. బ్యాటరీ నాలుగు స్క్రూలతో ఊడి వస్తుందా, కీబోర్డు విడిగా మార్చొచ్చా, లేక నా వెండి రంగుదాంట్లో లాగా పలకతో కలిపి పోత పోసేశారా, మెమరీకి (ర్యామ్‌కి) ఖాళీ గాడి, అంటే స్లాట్, ఉందా అన్నది తెలిసిపోతుంది. వంద వీడియో రివ్యూల్లోనూ ఈ సంగతి చెప్పగా నేను వినలేదు. వాళ్లకి వారం రోజులు వాడి తిరిగి ఇచ్చేసే మెషీన్, వాళ్లనీ ఏమనలేం.

సరే, ఈ పరీక్షలన్నీ నెగ్గేది 40 వేలలో కొత్తది దొరుకుతుందా అంటే, కష్టం. అందుకే నా సలహా వేరు. మీకు నచ్చకపోవచ్చు.

ఒకే కంపెనీ రెండు రకాలు చేస్తుంది. ఒకటి షాపులో మనలాంటి వాళ్లకి అమ్మేది, రెండోది ఆఫీసులకి వందల లెక్కన అమ్మేది. లెనోవోలో థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్‌లో లాటిట్యూడ్, హెచ్‌పీలో ఎలైట్‌బుక్ ఆ రెండో జాతివి. (డెల్ వాళ్లు 2025లో పేరు మార్చి డెల్ ప్రో అంటున్నారు, పాతవాటి మీద మాత్రం లాటిట్యూడ్ అనే ఉంటుంది.) ఇవి ఎందుకు గట్టిగా ఉంటాయో ఆలోచించండి. ఆఫీసుకి అమ్మేటప్పుడు మూడేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు వారంటీ రాసిస్తారు, చెడితే మనిషిని ఆఫీసుకే పంపి బాగుచేయాలి. కీలు విరిగితే నష్టం చేసినవాడిదే. మనకి అమ్మేదానికి చాలాసార్లు వారంటీ ఏడాదే. రెండో వానాకాలంలో విరిగితే నష్టం మనది. అంతే తేడా. ఎవరి జేబుకి చిల్లు పడుతుందో వాడే జాగ్రత్త పడతాడు.

ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి వీటిని ఒకేసారి వదిలించుకుంటాయి. అవే శుభ్రం చేసి రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. కొత్తవి ఉన్న ధరలో సగానికీ, ఇంకా తక్కువకీ వస్తాయి. "తాతయ్యా, సెకండ్‌హ్యాండా!" అని అమ్మలు మూతి ముడుస్తుందని తెలుసు. మన ఇంట్లో కుట్టుమిషను ఎన్నో హ్యాండో నాయనమ్మని అడుగు.

థింక్‌ప్యాడ్ పేరుంటే చాలు గట్టిదని మాత్రం అనుకోకండి. 1992లో ఐబీఎం మొదలుపెట్టిన పేరది, 2005 నుంచి లెనోవో చేతిలో ఉంది. ఇప్పుడు ఆ పేరుతో చవక రకాలూ వస్తున్నాయి. ఇంగ్లీషు అక్షరం E సిరీస్ వేరు, T సిరీస్ వేరు. టీలోనూ ఏడాదికో తీరు. 2018లో వచ్చిన టీ480లో మెమరీకి రెండు గాడులున్నాయి. ఆ మరుసటి టీ490లో ఒక మెమరీని ఊడకుండా బోర్డు మీదే సోల్డర్ చేసి, ఒక్క గాడి మిగిల్చారు. టీ14ఎస్‌లో మొత్తం సోల్డరే, కొన్ననాడు ఎంత ఉంటే జన్మంతా అంతే. 8 జీబీతో ఇవాళ గడుస్తుంది, నాలుగో ఏడాదికి ఈడ్చుకుంటుంది. 16 పెట్టించుకునే వీలు ఉండాలి.

పాతది కొనడంలో గోతులు లేవని కాదు. మొదటిది, "ఐ7 సార్, ఐ7" అని ఊదరగొడతారు. ఐ7 అన్నది లోపలి ఇంటెల్ ప్రాసెసర్ హోదా, వయసు కాదు. వయసు ఆ పక్కనున్న అంకెలో ఉంటుంది. ఐ5-8250 అంటే ఎనిమిదో తరం. ఐ5-1135 అంటే పదకొండోది, 1తో మొదలైతే మొదటి రెండు అంకెలూ కలిపి చదవాలి. ఐ7-4600 అంటే నాలుగో తరం, 2013 నాటిది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైనే పనికొస్తుందని గీత గీసింది. కాబట్టి ముసలి ఐ7 కన్నా కుర్ర ఐ5 మేలు. ఎనిమిది గీత మీద ఉంది, పది పదకొండు దొరికితే ఇంకొన్నేళ్లు నిశ్చింత.

రెండోది తాళం. ఆఫీసు మెషీన్లకి బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగులు) పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోతారు. షాపులోనే ఆపి, మళ్లీ ఆన్ చేసి, బయోస్‌లోకి పోయి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే వద్దు. ఇంకో తాళం దీనికన్నా లోతుగా ఉంటుంది. విండోస్ రీసెట్ చేసి నెట్‌కి కలపగానే ఏదో కంపెనీ పేరు చూపించి ఆ ఆఫీసు ఈమెయిల్ అడిగిందనుకోండి, అది ఇంకా ఆ కంపెనీ ఖాతాలోనే ఉన్నట్టు. రీసెట్ చేయడానికి గంట పడుతుంది. ఆ గంట షాపులో కూర్చోండి, టీ తాగండి.

మూడోది బ్యాటరీ. దీనికి ఏ యాప్ అక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, ఏటవాలు గీత, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో (powercfg /batteryreport) కొడితే విండోసే జాతకం రాసిస్తుంది. పుట్టినప్పుడు బ్యాటరీ ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని రెండు అంకెలుంటాయి. ఇప్పటిది అప్పటి దానిలో ముప్పావు వంతు కన్నా తక్కువైతే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని బేరం పెట్టండి. లిథియం బ్యాటరీ మామూలుగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి దాని సత్తా అయిదో వంతు దాకా పోతుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు, నొక్కు పడనట్టు ఉంటే కింద బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అది ప్రమాదం, బేరం కూడా ఆడకండి.

తెర, కీబోర్డు సంగతి మీకు నేను చెప్పాలా. తెల్ల పేజీ పెట్టి మచ్చలు చూడండి, ప్రతి మీటా ఒకసారి నొక్కండి. ప్రాణం పోసేది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని కొత్త రకం డిస్కు. పాత తిరిగే డిస్కు ఉంటే ఎంత చవకైనా తీసుకోవద్దు. చార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు లేకపోతే దాన్ని షాపులోనే వదిలేయండి.

కొత్తవాటి మీద "మిలిటరీ గ్రేడ్" అని స్టిక్కర్ వేస్తున్నారు, బుజ్జిగాడు దానికి పొంగిపోయాడు. అది అమెరికా సైన్యం వాళ్ల పరీక్షల పద్ధతి, మిల్ స్టాండర్డ్ 810 అంటారు. అందులో వేడి, చలి, దుమ్ము, కుదుపు, పడెయ్యడం, ఇలా చాలా పరీక్షలున్నాయి. ఏవి చేయించాలో కంపెనీయే ఎంచుకుంటుంది. 509వ పద్ధతి ఉప్పు పొగమంచు పరీక్ష. విశాఖవాళ్లం మనం అడగాల్సింది అదొక్కటే. బ్రోచర్‌లో ఆ పేరు ఉందేమో చూడండి. లేకపోతే ఆ స్టిక్కర్ రాజస్థాన్‌లో ఉన్నవాళ్లకి పనికొస్తుంది.

నవ్వులాటకి అనలేదు. మన ఊళ్లో కిటికీ ఊచలు ఏ గతి పడతాయో, ఫ్రిజ్ అడుగున రేకు ఏమవుతుందో రోజూ చూస్తున్నారు. బీచ్‌లో కురుసుర జలాంతర్గామికి రంగు వేస్తూనే ఉండాలి, సముద్రంలో లేకపోయినా. ఉప్పు గాల్లో తడిని లాక్కుంటుంది. లాప్‌టాప్ ఫ్యాను ఆ గాలినే లోపలికి పీల్చుకుంటుంది. దుమ్ము, ఉప్పు కలిసి రేకుల మధ్య అట్ట కడతాయి. బోర్డు మీద తడి ఉప్పు పడితే పోకూడని చోటికి కరెంటు పోతుంది, రాగి పచ్చగా చిలుం పడుతుంది. వెనక రంధ్రాల్లో టార్చి వేసి చూడండి. పచ్చ మరక, స్క్రూ తలల మీద తుప్పు కనిపిస్తే అది ఎవరో సముద్రం పక్కన వాడిందే. బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల నుంచి వచ్చిన పాతది ఈ లెక్కన మన ఊళ్లో వాడిన పాతదాని కన్నా నయం.

కొన్నాక, అమ్మలూ, నీ హాస్టల్ బీచ్ రోడ్డు వైపు. సముద్రం వైపు కిటికీ కింద పెట్టకు. రోజూ వాడితేనే మంచిది, ఆ వెచ్చదనానికి లోపలి తడి ఆరుతుంది. నెలల తరబడి బీరువాలో పెట్టినదే తొందరగా పాడవుతుంది. ఏడాదికోసారి విప్పించి ఫ్యాను దుమ్ము తీయించు. లేదా ఇంటికి తీసుకురా, స్క్రూడ్రైవర్ నా దగ్గరుంది. ఫోటోలు, రికార్డులు రెండు చోట్ల దాచుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా పాత కంప్యూటర్ నేల మీదే ఉంది, గదిలోకి నీళ్లొచ్చాయి. మీ నాన్న పెళ్లి ఫోటోలు అందులోనే ఉండేవి.

ఆదివారం పది గంటలకల్లా ద్వారకానగర్ పోదాం. ఇద్దరూ మాన్యువల్ చూసి చెరో రెండు మోడళ్లు రాసుకుని రండి. నేను టార్చి తెస్తాను.

మీ తాతయ్య

తా.క.: అమ్మలూ, ఆఫీసు లాప్‌టాప్‌లు గులాబీ రంగులో రావు. నలుపు, లేదంటే బూడిద రంగు. స్టిక్కర్ వేయించుకుంటానంటే డబ్బులు నేనిస్తాను, నాన్నకి చెప్పకు.