బీరువా వాసన కొని తెచ్చుకుంటే ఇల్లు ఇల్లవుతుందా?

ఇల్లు మారే ముందు రోజు తాళాలు చేతికొచ్చాయి, సామాన్లు ఇంకా రాలేదు, సరే ఓసారి చూసొద్దాం అని నేనూ మా చిన్నదీ వెళ్ళాం. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే అది "నాన్నా" అని పిలిచింది, ఆ పిలుపు నాలుగు గోడలకీ తగిలి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. దానికి అదో ఆట అయిపోయింది, ప్రతి గదిలోకీ పరిగెత్తడం, అరవడం, నవ్వడం. నాకు మాత్రం ఎందుకో కడుపులో ఏదో వెలితిగా అనిపించింది. గోడలు బాగున్నాయి, వెలుతురు బాగుంది, నచ్చే కదా తీసుకున్నాం, అయినా ఇదెవరిదో పరాయి కొంప అని లోపలెక్కడో ఎవరో గొణుగుతున్నట్టు.

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ గొణుగుడు మొదలైంది చెవిలో అని. ఖాళీ గదిలో గట్టి గోడలు, నున్నటి నేల, కిటికీ అద్దాలు శబ్దాన్ని మింగవు, వచ్చింది వచ్చినట్టు వెనక్కి కొట్టేస్తాయి. పరుపులు, కర్టెన్లు, దిండ్లు, ఉతికి మడతపెట్టడానికి బద్ధకమేసి కుర్చీలో పడేసిన బట్టల గుట్ట, ఇవి మింగుతాయి. ఈ సంగతి లెక్కకట్టి చెప్పినాయన వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో మాస్టారు ఒక మాట అంటే అది ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేదట, ఈలోపు ఆయన ఇంకో పది మాటలు అనేసేవాడు, అన్నీ కలిసి గోల. దాని సంగతేంటో చూడు బాబూ అని కుర్ర ఫిజిక్స్ మాస్టారు సాబిన్‌కి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు, జనం లేనప్పుడు, పక్కనున్న థియేటర్ నుంచి సీట్ల మీది కుషన్లు మోయించుకొచ్చి, ఇన్ని పెడితే ఎంతసేపు మోగింది, అన్ని పెడితే ఎంతసేపు మోగింది అని స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచి, తెల్లారేలోపు మళ్ళీ అక్కడ పెట్టేసి వచ్చేవాడు. ఇప్పటికీ హాళ్ళు కట్టేవాళ్ళు వాడే ఫార్ములాకి పునాది ఆ కుషన్లే. ఆయన తేల్చిన ఇంకో విషయం, మనుషులు కూడా శబ్దాన్ని మింగుతారు, అంటే నలుగురు కూర్చున్న గది ఖాళీ గదిలా మోగదు. ఇల్లు నిండుగా ఉంది అని మన పెద్దవాళ్ళు అనే మాటని చెవి నిజంగానే కొలవగలదన్నమాట.

సామాన్లు దిగాయి, మోత తగ్గింది, హమ్మయ్య అనుకున్నా. రాత్రి పడుకుంటే నిద్ర పట్టదే! ఒళ్ళు హూనం అయిపోయింది, అయినా కన్ను మూతపడటం, ఏదో టక్కుమనడం, మళ్ళీ మెలకువ. ఫ్రిజ్ ఆగినప్పుడు ఒకసారి, పైపుల్లో నీళ్ళు జారినప్పుడు ఒకసారి. చోటు మారితే నిద్ర పట్టదు అని ఇంట్లో అందరూ తేల్చేశారు. దీనికి నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టేశారు, ఫస్ట్ నైట్ ఎఫెక్ట్ అని, ల్యాబ్‌లో ఎవరినైనా పడుకోబెడితే మొదటి రాత్రి లెక్కలు ఎప్పుడూ తేడాగా వస్తాయి కాబట్టి వాటిని పక్కన పడేసేవాళ్ళు. 2016లో బ్రౌన్ యూనివర్సిటీలో మసాకో తమాకి, యుకా ససాకి వాళ్ళ బృందం ఆ పడేసిన రాత్రినే పట్టుకుని చూసింది. చూస్తే ఏముంది, కొత్త చోట మొదటి రాత్రి మెదడులో కుడి సగం గాఢంగా పడుకుంటే ఎడమ సగంలో కొంత భాగం అంత గాఢంగా పడుకోవట్లేదు, చిన్న చిన్న వింత శబ్దాలకి కూడా ఉలిక్కిపడుతోంది, కాపలా కుక్కలాగా. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతాయని చిన్నప్పుడు చదువుకుని నోరెళ్ళబెట్టాం కదా, మనలోనూ దాని నీడ కొంచెం ఉందన్నమాట. వాళ్ళనే ఇంకోసారి అక్కడికి పిలిచి పడుకోబెడితే ఆ తేడా పోయింది.

నాకైతే మూడు నాలుగు వారాలు పట్టింది, మా ఇంట్లోవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు, అది వేరే సంగతి.

ఈ నిద్రలేని రాత్రుల్లోనే నాకో దివ్యమైన ఆలోచన వచ్చింది. నాకు ఇల్లు అంటే గుర్తొచ్చేది మా అమ్మమ్మ బీరువా. ఇనప బీరువా, హ్యాండిల్ కిందికి తిప్పితే లోపల కడ్డీలు టక్‌మని జరిగి, తలుపు కొంచెం మూలుగుతూ తెరుచుకునేది, తెరవగానే కలరా ఉండల వాసన, దాని కింద పాత కాగితాల వాసన, దాని కింద మడతల్లో ఏళ్ళ తరబడి ఉన్న బట్టల వాసన. నేను తలుపుకీ అరలకీ మధ్య దూరి నిలబడేవాణ్ణి, చల్లటి ఇనుము చెంపకి ఆనించుకుని. ఇప్పటికీ ఎక్కడైనా కలరా ఉండల వాసన తగిలితే చాలు, ముందు చెంప చల్లబడుతుంది, ఆ తర్వాతే అమ్మమ్మ గుర్తొస్తుంది. నిజంగా, ఆ వరసలోనే.

ఆ వరసకి కారణం మెదడు వైరింగ్‌లో ఉంది. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, చర్మానికి తగిలింది, అన్నీ ముందు మెదడు మధ్యలో థాలమస్ అనే జంక్షన్‌కి వెళ్ళి అక్కడి నుంచి పైకి వెళ్తాయి. వాసనకి ఆ జంక్షన్‌లో ఆగే పని లేదు. ముక్కు పైభాగంలో ఉన్న నాడీకణాలు వాసనని పట్టుకుని సరాసరి మెదడులో వాసనలు అందుకునే ఆల్‌ఫ్యాక్టరీ బల్బుకి ఇస్తాయి, అక్కడి నుంచి భయం, ఇష్టం లాంటి భావాలు చూసే అమిగ్డలాకీ, జ్ఞాపకాలు చూసే హిప్పోక్యాంపస్ పొరుగుకీ ఒకటి రెండు అంగల్లో చేరిపోతుంది. పేరు పెట్టే భాగాలకి కబురు అందేసరికి మనసు అప్పటికే కదిలిపోయి ఉంటుంది. మనిషిలో వాసనని పట్టుకునే రిసెప్టర్ల రకాలు సుమారు 400, వాటిని తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ కనిపెట్టారు, 2004లో నోబెల్ కూడా వచ్చింది. ఒక్కో వాసన కొన్ని రిసెప్టర్లని కలిపి మీటుతుంది, వీణ మీద ఒకేసారి నాలుగు తీగలు మీటినట్టు, అందుకే 400 రకాలతోనే లెక్కలేనన్ని వాసనలు వేరు చేసి పట్టుకోగలం. ఇంకో చిత్రం, ఈ కణాలు చచ్చి కొత్తవి పుడుతూనే ఉంటాయి, అంటే అమ్మమ్మ బీరువా దగ్గర నిలబడ్డ ఆ ముక్కులోని కణాలు ఇప్పుడు నా దగ్గర లేవు, జ్ఞాపకం మాత్రం ఉంది.

పెద్దవయసు వాళ్ళని కూర్చోబెట్టి మాటలు చెప్పి, బొమ్మలు చూపించి, వాసనలు చూపించి ఏం గుర్తొస్తోందో అడిగారు స్వీడన్‌లో, యోహాన్ విల్లాండర్, మరియా లార్సన్ అనే పరిశోధకులు, 2006లో వచ్చింది ఆ పేపర్. మాటలకీ బొమ్మలకీ ఎక్కువగా పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ మధ్య సంగతులు గుర్తొచ్చాయి. వాసనలకి పదేళ్ళ లోపువి గుర్తొచ్చాయి. మాట సరిగ్గా కూడబలుక్కోలేని వయసులో దాచుకున్నవాటికి మాట తాళంచెవి పట్టదు, ముక్కు తాళంచెవే పట్టాలి, నేనైతే అలా అర్థం చేసుకున్నా.

సరే, దివ్యమైన ఆలోచన దగ్గరికి వస్తా. కలరా ఉండలు తెచ్చి కొత్త కప్‌బోర్డులో పెట్టేశా. మొదటి రోజు తలుపు తీస్తే నిజంగానే గొంతు పట్టేసింది. రెండో రోజు కొంచెం. నాలుగో రోజుకి అది ఉత్త కలరా ఉండల వాసన, అంతే, పైగా మా ఆవిడకి తలనొప్పి. తీసి అవతల పారెయ్యమంది, పారేశా. తర్వాత చదివితే అది మంచి పనే అని తెలిసింది. అందులో ఉండే నాఫ్తలీన్ గట్టి ఉండ నుంచి కరక్కుండానే నేరుగా ఆవిరి అయ్యే పదార్థం, ఉండ రోజురోజుకీ చిక్కిపోతోందంటే ఆ పోయిందంతా మనం పీల్చే గాలిలోకే పోతోందని అర్థం, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి దానివల్ల రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. అమ్మమ్మకి ఇవన్నీ తెలియవు పాపం.

ప్రయోగం ఫెయిలవడం వెనక రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, నేను నాలుగు తీగల్లో ఒకదాన్నే మీటాను, పాత కాగితం ఏదీ, ఇనుము ఏదీ, చెంప ఏదీ? పాత కాగితం వాసన అంటే దానిలోని లిగ్నిన్, సెల్యులోజ్ ఏళ్ళ తరబడి మెల్లగా విరిగిపోతుంటే వచ్చే ఆవిర్లు, అది కావాలంటే ఏళ్ళు గడవాల్సిందే. రెండోది ఇంకా బాధాకరం. ఒక వాసనకి రోజూ మామూలు జీవితం అంటగడితే, ఆఫీసుకి లేటయిపోయి చొక్కా వెతుక్కుంటున్నప్పుడల్లా ఆ వాసనే తగిలితే, అది కొత్త సంగతులకి అతుక్కుంటుంది, పాతవాటి పట్టు సడలుతుంది. ఇంకో వారం ఉంచి ఉంటే అమ్మమ్మని నేనే చెరిపేసుకునేవాణ్ణేమో.

అసలు ఆ జ్ఞాపకం కూడా ఎంత నిజమో. ఎలకల మీద 2000లో కరీమ్ నాదర్ వాళ్ళు చేసిన ప్రయోగంలో తేలింది ఏంటంటే, గట్టిపడ్డ జ్ఞాపకాన్ని ఒకసారి బయటికి తీస్తే కాసేపు అది మళ్ళీ మెత్తబడుతుంది, మార్చడానికి వీలయ్యేంతగా, ఆ తర్వాత మళ్ళీ గట్టిపడుతుంది. నేను ఆ బీరువాని ఎన్ని వందలసార్లు తెరిచి ఉంటానో, మనసులో. ఓసారి పెద్దయ్యాక నిజంగా దాని ముందు నిలబడ్డా, నా భుజం దాకా వచ్చింది అంతే. మా మామయ్య దాన్ని మార్చాడేమో అనుకుని అడిగా కూడా, అదేరా బాబూ అన్నాడు.

ఇలా చిన్నదైపోవడం గురించి స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రిక్ ఎర్సన్ బృందం 2011లో ఒక సరదా ప్రయోగం చేసింది. మనుషుల్ని పడుకోబెట్టి, కళ్ళకి స్క్రీన్లు తగిలించి, కిందికి చూస్తే తమ ఒంటి బదులు 30 సెంటీమీటర్ల బొమ్మ ఒళ్ళు కనిపించేట్టు పెట్టారు, బొమ్మ కాలినీ వీళ్ళ కాలినీ ఒకేసారి కర్రతో తాకుతుంటే కాసేపటికి ఆ బొమ్మ ఒళ్ళే తమది అనిపించడం మొదలైంది, అప్పుడు చుట్టూ ఉన్న వస్తువులు ఉన్నదానికంటే పెద్దగా, దూరంగా కనపడ్డాయి. నాలుగు మీటర్ల ఒళ్ళు ఇస్తే అంతా చిన్నదైపోయింది. అంటే మెదడు లోకాన్ని కొలిచే టేపు మన ఒళ్ళే. మూడేళ్ళ పిల్లల ఎత్తు మీటరు కూడా ఉండదు, వాళ్ళ ఇల్లంటే టేబుల్ అడుగుభాగం, మంచం కింద చీకటి, గోడ మీద కింది రెండడుగులు. మనం ఎంతో ముచ్చటపడి తగిలించిన ఫోటో ఫ్రేములు వాళ్ళకి ఆకాశంలో ఉంటాయి.

ఇదంతా తెలిశాక నేను అలంకరణ పిచ్చి కొంచెం తగ్గించుకున్నా. లైట్లు మాత్రం మార్చా, దానికి కారణం ఉంది, ఎల్‌ఈడీ డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది మధ్యాహ్నపు తెల్లటి వెలుగు, 2700 అని ఉంటే పాత ఫిలమెంట్ బల్బు పసుపు వెలుగు, రాత్రి పూట తెల్లటి వెలుగు కంటిలోని కొన్ని ప్రత్యేక కణాల ద్వారా మెదడుకి ఇంకా పగలే అని చెప్తుంది. హాల్లో ఆ పసుపు వెలుగువి పెట్టాక సాయంత్రం కొంచెం సాయంత్రంలా ఉంది. మిగతాది మెదడుకే వదిలేశా, అది దాని పని చేసుకుపోతుంది, ఎలాగూ మనల్ని అడగదు. మెదడు మీద పరిశోధన చేసే జాన్ ఓకీఫ్ 1971లో ఎలక హిప్పోక్యాంపస్‌లో ఫలానా మూలకి వెళ్తేనే వెలిగే కణాలు చూశాడు, ప్లేస్ సెల్స్ అన్నాడు, 2014లో మోసర్ దంపతులతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. కొత్త గదికి వెళ్తే ఆ కణాలు కొత్త మ్యాప్ గీసుకుంటాయి. పాదాలు కూడా ఏదో గీసుకుంటాయి, చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని అడుగేస్తే నేల ముందే తగిలి ఒళ్ళంతా జల్లుమంటుంది చూడండి, పాదం దగ్గర అప్పటికే ఒక లెక్క ఉంది, తప్పు లెక్క. ఆ తప్పులు ఒక్కొక్కటే తగ్గిపోవడమే సొంతిల్లు అవడమని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. మొన్న రాత్రి మంచినీళ్ళకి లేచి లైటు వెయ్యకుండా వెళ్ళి తాగి వచ్చి పడుకున్నా, పొద్దున లేచాక గానీ ఆ సంగతి గమనించలేదు.

ఒక్కటే కొరత ఉండేది, మా ఇంటికి వాసన లేదే అని. ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒక వాసన ఉంటుంది కదా, మనింటికే ఎందుకుండదు? ఉంటుందట, ముక్కు దాచేస్తుంది. 1996లో పమేలా డాల్టన్, చార్ల్స్ వైసోకి అనే పరిశోధకులు కొందరికి ఒక వాసన ఇచ్చి రెండు వారాలు ఇంట్లో పెట్టుకోమన్నారు, ఆ తర్వాత ల్యాబ్‌కి పిలిచి చూస్తే ఆ ఒక్క వాసననే వాళ్ళు సరిగ్గా పట్టలేకపోయారు, మిగతావి బాగానే తెలుస్తున్నాయి. రోజూ ఉండేదాన్ని మెదడు వార్తగా తీసుకోదు.

ఆమధ్య పది రోజులు ఊళ్ళో లేం. తిరిగొచ్చి తాళం తీసి తలుపు తోశా, గుమ్మంలోనే ఆగిపోయా, మూసిపెట్టిన గాలి, కొంచెం చెక్క, కొంచెం సబ్బు, ఇంకా ఏదో, పేరు లేనిది. మా చిన్నది నా చెయ్యి కింద నుంచి దూరి లోపలికి వెళ్ళి గట్టిగా ఊపిరి పీల్చి "మనిల్లు వాసన వస్తోంది నాన్నా" అంది. ఏదీ, ఎలా ఉంది చెప్పు అని అడుగుతూ బ్యాగు కింద పెట్టి చెప్పులు విప్పేసరికి నాకు పోయింది.