పెన్సిల్ ములుకు, ఎముకకు పరంజా

చిరంజీవులు చిట్టి, బుజ్జిలకు తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, ఎముక తనంతట తానే అతుక్కుంటుందని డాక్టరు గారు చెబితే నువ్వు నమ్మలేదట. ఆయన చెప్పింది నిజమే. అయితే ప్రమాదంలోనో, కణితి తీసేటప్పుడో ఎముకలో పెద్ద ముక్కే పోతే ఆ ఖాళీ తనంతట పూడదు. కొత్త కణాలు పాకడానికి లోపల ఆసరా కావాలి.

మేడ కట్టేటప్పుడు వెదురు పరంజా కడతారు కదా, ఈ ఆసరా కూడా అలాంటిదే. స్పంజిలాగా నిండా రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం తలవెంట్రుక మందానికి రెండు మూడింతలు ఉంటే చాలు, కణాలు లోపలికి చేరతాయి, వాటి వెనకే రక్తనాళాలూ వస్తాయి. దీన్ని జెలటిన్‌తోనో, రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తోనో చేస్తారు. ఒంటికి సరిపడతాయి కానీ మరీ మెతక. అందుకే వాటిలో చిటికెడు గ్రాఫీన్ కలిపి చూస్తున్నారు.

గ్రాఫీన్ మీ పెన్సిల్ ములుకులోనే ఉంది. ములుకులోని గ్రాఫైట్ అంతా పొరల మీద పొరలు. మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలు! అందులో ఒక్క పొరే గ్రాఫీన్. కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలలుగా అల్లుకుని ఉంటాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ గ్రాఫైట్‌కు మామూలు టేపు అంటించి, మళ్లీ మళ్లీ ఒలిచి ఆ ఒక్క పొరను చేతికి తెచ్చుకున్నారు. 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. టేపు ముక్కతో మొదలైన పని అది!

గ్రాఫీన్ చాలా బలమైనదే, కానీ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ బలం కాదు, కణాలు దాని మీద నడుచుకునే తీరు. కణాలకు కళ్లు లేవు, తడిమి తెలుసుకుంటాయి. కాలి కింది నేల గట్టిదా, మెత్తనిదా అన్నదాన్ని బట్టి మూలకణాలు ఏ కణాలుగా మారాలో తేల్చుకుంటాయి. 2011లో సింగపూర్ పరిశోధకులు గ్రాఫీన్ పూత మీద మనిషి మూలకణాలను, ఎముక వైపు నడిపే పోషక ద్రవంలో పెంచారు. మామూలుగా దానికి తోడు వేసే వృద్ధి కారకం (కణాలను ఎదగమని పురిగొల్పే పదార్థం) వేయకుండానే, వేసినంత వేగంగా అవి ఎముక కణాలయ్యాయి. గ్రాఫీన్‌లో విద్యుత్తు కూడా పారుతుంది కాబట్టి గుండె, నరాల కణాలతోనూ ప్రయత్నాలు సాగుతున్నాయి.

మేడ పూర్తయ్యాక పరంజా విప్పేస్తారు. జెలటిన్ ఒంట్లో కరిగిపోతుంది, గ్రాఫీన్ అంత తేలిగ్గా పోదు. ఆక్సిజన్ చేరిన గ్రాఫీన్‌ను, అంటే దాని ఆక్సైడ్‌ను, తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైము మెల్లగా ముక్కలు చేయగలదని తెలిసింది. కానీ ఎక్కువైతే గ్రాఫీన్ పలుకుల పదునైన అంచులు కణాల పొరను చీల్చగలవు. అందుకే చిటికెడంటే చిటికెడే వాడతారు. ఇప్పటికి ఇదంతా చాలావరకు ప్రయోగశాలల్లో, జంతువుల మీదే నడుస్తోంది. బలం ఎంత అన్నదానికంటే, పని అయ్యాక ఎలా సెలవు తీసుకుంటుంది అన్నదే నాకు పెద్ద ప్రశ్న.

చిట్టీ, తమ్ముడి పిండికట్టు విప్పేదాకా ఆగు. తర్వాత ఇద్దరూ కాగితం మీద పెన్సిల్‌తో నల్లగా రుద్ది, ఆ నలుపు మీద టేపు అంటించి తీయండి. టేపును మడిచి విడదీస్తూ పోండి. ఎన్నో మడతకు నలుపు బూడిదరంగులోకి తిరిగిందో నాకు రాయండి.

మీ
తాతయ్య