రాగి పోగు తెగకూడదు: వైర్ స్ట్రిప్పర్ కొనబోయే పిల్లలకు ఉత్తరం

చిరంజీవి రవికి, చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన స్ట్రిప్పర్ల, అదే వైరు మీది తొడుగు ఒలిచే పనిముట్ల, ఫోటోలు చూశాను. వాటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పమన్నారు. ఒక్క మాట చాలదర్రా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్న రవి చేతికి వచ్చే వైరు వేరు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్న లలిత చేతికి వచ్చే వైరు వేరు. ఇద్దరూ కలిసి ఒకటి కొనుక్కుని పంచుకుందామన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఎవరో ఒకరి పని చెడుతుంది.

ముందు ఆ పనిముట్టు నుంచి మనం ఏమి ఆశించాలో తేల్చుకుందాం. పైనున్న ప్లాస్టిక్ తొడుగు తెగాలి, లోపలి రాగికి చిన్న గాటు కూడా పడకూడదు. అంతే. కానీ ఇళ్ల వైరింగులో వాడే వైర్లకు ఆ తొడుగు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పదును కాస్త లోపలికి దిగితే రాగి తెగుతుంది. కాస్త పైనే ఆగితే తొడుగు సాగి, చిరిగి, అంచు పీచులా వస్తుంది. ధర, రంగు, పిడి మెత్తదనం, ఎన్ని పనులు చేస్తుందన్న ప్రకటనలు, అన్నీ దీని తరువాతే చూడాలి.

రెండు పోగులు తెగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. పవర్ సాకెట్లకు వాడే రెండున్నర వైరు, అంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, చాలా కంపెనీల కాయిల్ మీద 36/0.3 అని ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల వ్యాసమున్న రాగి పోగులు 36 ఉన్నాయని దాని అర్థం. తొడుగు ఒలిచేటప్పుడు ఎనిమిది పోగులు తెగిపోయాయనుకోండి. మిగిలిన 28 పోగుల వైశాల్యం 2 చదరపు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రెండున్నర వైరుకు డబ్బు పోసి, స్క్రూ కింద అంతకంటే సన్న వైరు బిగించినట్టయింది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటంతా సన్నబడిన ఆ చోటు గుండానే పోవాలి. పోగులు తగ్గిన చోట పట్టు కూడా వదులుగా ఉంటుంది, వదులుగా ఉన్న చోటే వేడి పుడుతుంది. సాకెట్ వెనక ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, మాడు వాసన వచ్చే ఇళ్లలో నేను విప్పి చూసినప్పుడల్లా తప్పు ఎక్కువగా వైరు కొస బిగించే టెర్మినల్ దగ్గరే కనిపించింది.

ఒంటి తీగ వైరు సంగతి ఇంకోలా ఉంటుంది. దానికి గాటు పడితే వెంటనే ఏమీ తెలియదు. బోర్డులోకి వంచి నెట్టినప్పుడు సరిగ్గా ఆ గాటు దగ్గరే విరుగుతుంది. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు తగిలితే మరీ జాగ్రత్త రవీ, అది రాగి కంటే తొందరగా తెగుతుంది.

ఇక రకాల దగ్గరికి వద్దాం. టపారియా, మల్టీటెక్ లాంటి మన కంపెనీల పేరుతో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా వేలాడుతూ కనిపించేది చిన్న స్క్రూ ఉన్న రకం. కత్తెరలా రెండు పిడులు, కొసన పదునున్న V ఆకారపు గాడులు, రెండు పిడులు ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే స్క్రూ. ధర తక్కువ. సన్నగా ఉంటుంది కాబట్టి గోడలో దిగిన ఇరుకు పెట్టెలోకి కూడా దూరుతుంది. రోజంతా ఒకే సైజు వైరు ఒలిచేవాడికి ఇది నిజంగా మంచి పనిముట్టు. ఒకసారి సరిగ్గా సర్దుకుని, స్క్రూ గట్టిగా బిగిస్తే చాలు. చిక్కంతా సైజు మారినప్పుడే. ఒకటిన్నర నుంచి రెండున్నరకు, మళ్లీ ఒకటిన్నరకు మారుతున్న ప్రతిసారీ స్క్రూ కదపాలి. తొందరలో ఉన్నవాడు కదపడు, చేతి బలంతో అంచనాగా నొక్కుతాడు, పోగులు తెగుతాయి. చౌక రకాల్లో ఆ స్క్రూ తనంతట తానే వదులవుతుంది కూడా.

రెండోది వరుసగా రంధ్రాలున్న రకం. ఒక్కో రంధ్రం ఒక్కో సైజుకు కోసి ఉంటుంది. సరైన రంధ్రంలో వైరు పెట్టి పూర్తిగా మూస్తే పదును దిగాల్సినంతే దిగుతుంది, ఎంత గట్టిగా నొక్కినా అంతకు మించి దిగదు. నేర్చుకునేవాళ్లకు నాకు బాగా నచ్చేది ఇదే. అయితే కొనేముందు రంధ్రాల పక్కన ఉన్న అంకెలు చదవండి. ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో చాలావాటి మీద 10, 12, 14, 16, 18 అని ఉంటాయి. అవి అమెరికా గేజి అంకెలు, మిల్లీమీటర్లు కావు. అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. పూర్వం తీగను అచ్చులోంచి ఎన్నిసార్లు లాగి సన్నబరిచారో ఆ లెక్క మీద గేజి అంకెలు పుట్టాయి, అందుకే ఈ తలకిందులు వరస. మూడు అంకెలు పెరిగితే వైశాల్యం దాదాపు సగమవుతుంది.

ఇప్పుడు మన వైర్లను వాటి పక్కన పెట్టి చూడండి. 16 గేజి అంటే 1.31 చదరపు మిల్లీమీటర్లు, 14 అంటే 2.08, 12 అంటే 3.31. మన ఒకటిన్నర వైరు 16కూ 14కూ మధ్య పడింది, రెండున్నర వైరు 14కూ 12కూ మధ్య పడింది. రెండూ ఏ రంధ్రానికీ అచ్చంగా సరిపోవు! వాళ్ల దేశపు వైర్లకు చేసిన పనిముట్టు అది, దానిలో లోపం లేదు. ఇంకో సంగతి, ఆ రకం స్ట్రిప్పర్లలో కొన్నింటికి రెండు వరుసల అంకెలుంటాయి. ఒకటి ఒంటి తీగకు, ఇంకొకటి పోగుల వైరుకు. ఒకే వైశాల్యమున్నా పోగుల మధ్య ఖాళీల వల్ల పోగుల వైరు కాస్త లావుగా ఉంటుంది. తప్పు వరుస చూసి రంధ్రం ఎంచుకుంటే ఎంత ఖరీదైన పనిముట్టయినా రాగిని కోసేస్తుంది. అందుకని రవీ, నువ్వు చదరపు మిల్లీమీటర్లలో 1, 1.5, 2.5, 4, 6 అని గుర్తులున్నదాన్ని అడుగు. గేజి అంకెలదే చేతికి వస్తే ఎప్పుడూ పెద్ద రంధ్రంతో మొదలుపెట్టు, తొడుగు రాకపోతేనే ఒక మెట్టు కిందికి దిగు.

మూడోది మీ ఇద్దరి కళ్లూ పడ్డ ఆటోమేటిక్ రకం. పిడి నొక్కితే ఒక జత దవడలు వైరును పట్టుకుంటాయి, ఇంకో జత తొడుగును కోస్తుంది, తరువాత రెండూ దూరంగా జరిగి తొడుగును లాగేస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ప్యానెల్ బోర్డులో వందల కొసలు ఒలవాల్సినవాడి మణికట్టును కాపాడేది కూడా ఇదే. ఎంత పొడవు ఒలవాలో నిర్ణయించే చిన్న అడ్డు దీనిలో ఉంటే అన్ని కొసలూ ఒకే కొలతలో వస్తాయి. జర్మనీ కంపెనీ క్నిపెక్స్ చేసే వాటిలో ఒకటి 0.2 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల దాకా తనే సర్దుకుంటుంది. పని అద్భుతం, ధర విద్యార్థి జేబుకు అందదు. ఆ రూపంలోనే చౌకగా వచ్చేవి మన మార్కెట్లో చాలా ఉన్నాయి. వాటిలో పట్టు బిగువును మార్చే చిన్న మర ఉంటుంది. దాన్ని సర్దకుండా వాడి పనికిరాదని పక్కన పడేసినవాళ్లను చాలామందిని చూశాను. వైరు లావును బట్టి ఆ బిగువును సర్దుకోవాలి. అలా సర్దినా రెండు ఇబ్బందులు మిగులుతాయి. మెత్తని తొడుగు మీద దవడల పళ్ల గుర్తులు పడతాయి. పైగా తల పెద్దది, స్విచ్ పెట్టెలోంచి రెండంగుళాల వైరు మాత్రమే బయటికి ఉంటే దీన్ని అక్కడికి దూర్చలేరు. మరమ్మతు పనుల్లో ఎక్కువగా ఎదురయ్యేది అదే పరిస్థితి.

కాబట్టి రవీ, నీకు నా మాట ఇది. ఇప్పుడు చదరపు మిల్లీమీటర్ల గుర్తులున్న రంధ్రాల రకం కొనుక్కో. అది మీ ఊళ్లో దొరకకపోతే పేరున్న కంపెనీ స్క్రూ రకం తీసుకో. ఆటోమేటిక్ రకం సంపాదన మొదలయ్యాక, ప్యానెల్ పనులు వచ్చాక కొనవచ్చు. మూడు కోర్ల కేబుల్, అంటే మూడు వైర్లు కలిపి ఉన్న కేబుల్, పైతొడుగుకు వీటిలో ఏదీ సరిపోదు, దానికి వేరే కత్తి ఉంటుంది, అవసరం పడ్డప్పుడు చూద్దాం.

లలితా, నీకు ఈ పెద్ద సైజులవి ఏవీ వద్దమ్మా. బ్రెడ్‌బోర్డుకు, అంటే టంకం లేకుండా సర్క్యూట్ కూర్చే రంధ్రాల పలకకు, నువ్వు వాడే ఒంటి తీగ 22 గేజి, అంటే 0.64 మిల్లీమీటర్ల వ్యాసం. నెట్‌వర్క్ కేబుల్లో తీగలు సాధారణంగా 24 గేజివి. 20 నుంచి 30 గేజి దాకా రంధ్రాలుండే చిన్న స్ట్రిప్పర్లు ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో దొరుకుతాయి, అవే నీకు సరైనవి. నీ రంగంలో అందరూ గేజి అంకెలతోనే మాట్లాడతారు కాబట్టి ఆ చిక్కు నీకు లేదు. రవి వాడే పెద్దదానితో నీ తీగ ఒలిస్తే గాటు పడిన కొస బ్రెడ్‌బోర్డు రంధ్రంలోనే విరిగి ఇరుక్కుంటుంది. సర్క్యూట్ పనిచేయక, తప్పు ఎక్కడుందో దొరక్క గంటలు పోతాయి. మోటారు చుట్టలో వాడే ఎనామిల్ తీగకు మాత్రం స్ట్రిప్పర్ వాడకు. దాని పూత చాలా పలచన, గరుకు కాగితంతో రుద్దాలి.

షాపుకు వెళ్లేటప్పుడు మీరు వాడే వైరు ముక్కలు వెంట తీసుకెళ్లండి. ముందు పనిముట్టును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, రెండు పదునులూ సమంగా కలవాలి. కీలు దగ్గర అటూ ఇటూ ఊగితే పక్కన పెట్టేయండి. తరువాత ఒక కొస ఒలిచి, ఊడి వచ్చిన తొడుగు ముక్కను పారేయకుండా దాని లోపలికి చూడండి. అక్కడ రాగి తళుకు కనిపించిందంటే పోగులు తెగి దానిలో ఉండిపోయాయన్న మాట. కొసను విప్పి పోగులు లెక్కపెట్టండి, 36 ఉండాల్సిన చోట 36 ఉన్నాయా? ఒంటి తీగయితే గోటితో తడిమి చూడండి, గాటుంటే గోరు ఆగుతుంది. ఇలా ఐదారు కొసలు ఒలిచి చూడనివ్వని షాపు నుంచి బయటికి వచ్చేయండి.

ఎంత పొడవు ఒలవాలన్నది స్విచ్ వెనకో, దాని పెట్టె మీదో రాసి ఉంటుంది. చాలావాటికి 8 నుంచి 10 మిల్లీమీటర్లు. స్క్రూ బయట రాగి కనిపించకూడదు, తొడుగు స్క్రూ కింద నలగకూడదు.

చివరిగా ఒకటి గట్టిగా చెబుతున్నాను. పిడి మీదున్న రంగు ప్లాస్టిక్కు చేతికి ఒత్తిడి తగ్గించడానికే. కరెంటు నుంచి కాపాడటానికి పరీక్షించిన పనిముట్ల మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె, ఐఈసీ 60900 అన్న ప్రమాణం ముద్రించి ఉంటాయి. అది ఉన్నా సరే, కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే వైరు మీద చేయి వేయాలి. పళ్లతో తొడుగు లాగడం ఇద్దరూ ఈ రోజుతో మానేయాలి. కొన్నాక ఒలిచిన కొసల ఫోటోలు దగ్గరగా తీసి పంపండి, పోగులు కనిపించేలా.

ఇట్లు,
మీ పెదనాన్న