చిరిగిన చుక్క వెలుగులో

చీమకుర్తి నుంచి ఒంగోలుకు రాత్రి పూట బండి మీద వచ్చినవాళ్లకు ఆ దుమ్ము సంగతి తెలుసు. చీకట్లో అది కంటికి ఆనదు, ముక్కుకే తెలుస్తుంది. ఎదురుగా గ్రానైట్ లారీ లైట్లు వేసుకుని వచ్చిందా, గాలి నిండా రేణువులే. (అక్కడ తవ్వే రాయి పేరు బ్లాక్ గెలాక్సీ. పోలిక కోసం నేను పెట్టింది కాదు!)

గెలాక్సీల నడిమధ్యన ఉండే భారీ బ్లాక్ హోళ్ల చుట్టూ కూడా దుమ్మూ వాయువూ ఉండొచ్చు. కానీ చాలావాటికి మేత సరిగ్గా దొరకదు, మసగ్గా పడి ఉంటాయి. మన పాలపుంతలోది సూర్యుడికి 40 లక్షల రెట్లు బరువైనా అంతే. అక్కడ ఏముందో చూడాలంటే ఎవరో ఒకరు లైటు వేయాలి. మరీ దగ్గరికి వెళ్లిన నక్షత్రం ప్రాణం పోగొట్టుకుని ఆ పని చేస్తుంది.

నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున సముద్రం పోటు రావడానికి కారణం, చంద్రుడు భూమి ఇవతలి వైపును ఎక్కువగా, అవతలి వైపును తక్కువగా లాగడం. ఆ తేడాయే నక్షత్రం కొంప ముంచుతుంది. 10 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్‌కు సుమారు 7 కోట్ల కిలోమీటర్ల లోపుకు సూర్యుడిలాంటి చుక్క వస్తే, తనను తాను పట్టి ఉంచుకోలేక పేలికలైపోతుంది. దాదాపు సగం పదార్థం బయటికి ఎగిరిపోతుందని, మిగతాది వెనక్కి వచ్చి పడుతూ వెలుగుతుందని 1988లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ లెక్కగట్టారు. బ్లాక్ హోల్ బరువు 10 కోట్ల సూర్యులను బాగా దాటితే మాత్రం అలాంటి చుక్కను చిరగకముందే మింగేస్తుంది, వెలుగూ ఉండదు.

అసలు విషయం ఆ తర్వాతే మొదలవుతుంది. మెరుపు బయటికి పాకి దుమ్మును తాకుతుంది, దుమ్ము వేడెక్కి పరారుణ కాంతి వెదజల్లుతుంది. అది మనకు కొన్ని నెలలు ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టే దుమ్ము ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. అంత చిన్న చోటును విడదీసి చూడగల టెలిస్కోపు లేకపోయినా గడియారం సరిపోతుందన్నమాట. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే.

ఇలా ఒక చుక్క చిరిగినప్పుడు వచ్చిన ఏటీ2019క్యూఐజెడ్ అనే మెరుపునే తీసుకోండి. 2019లో, సుమారు 21 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన కనిపించింది. ఏడాది దాటాక దాని వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, కొత్త గీతలు తేలాయి. చాలా ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము గుర్తులవి. చిరిగిన చుక్కలోది కాదు ఆ ఇనుము. అంతకుముందే అక్కడ తిరుగుతున్న వాయువులోది, వెలుగు అంత దూరం చేరాక బయటపడింది.

కథ అక్కడితో ఆగలేదు. 2023లో అదే చోటు నుంచి సుమారు 48 గంటలకోసారి ఎక్స్-రేలు ఎగసిపడటం కనిపించింది. చుక్క శిథిలాలు పళ్లెంలా పరుచుకున్నాయని, అక్కడే తిరుగుతున్న మరో చుక్కో చిన్న బ్లాక్ హోలో పదేపదే దాన్ని గుద్దుకుంటూ దూసుకుపోతోందని శాస్త్రవేత్తల అంచనా. ఆ పరిశోధనకు వాడిన టెలిస్కోపుల్లో మన ఇస్రో అంతరిక్షంలోకి పంపిన ఆస్ట్రోశాట్ కూడా ఉంది. 2015 సెప్టెంబరు 28న అది ఎగిరింది శ్రీహరికోట నుంచే. అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉండేది.